సమాధానం: కాలిఫోర్నియాలో కొత్త అసెస్‌మెంట్‌ని ఆపాలంటే

వీధి దీపాలు, పార్కుల కోసం మీ సిటీ కొత్త అసెస్‌మెంట్ (ఆస్తి యజమానుల మీద వేసే ప్రత్యేక రుసుము) వేస్తోందని, మీటింగ్‌లో మాట్లాడితే ఆగుతుందా అని అడిగారు కదండీ. మాటలతో ఆగదు, బ్యాలెట్‌తో ఆగుతుంది. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 218 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం, బహిరంగ విచారణకు కనీసం 45 రోజుల ముందు ప్రతి యజమానికీ నోటీసు, బ్యాలెట్ పోస్టులో రావాలి. చాలామంది ఆ కవరు జంక్ మెయిల్ అనుకుని విప్పకుండానే పడేస్తారు. అక్కడే దెబ్బ తింటాం! తిరిగొచ్చిన బ్యాలెట్లనే లెక్కిస్తారు. అదీ తలకో ఓటు కాదు, ఎవరి మీద ఎంత పడుతుందో వాళ్ల ఓటుకి అంత బరువు. వ్యతిరేకం ఎక్కువైతే సిటీ దాన్ని వేయకూడదు. కాబట్టి సంతకాల పిటిషన్ పక్కనపెట్టి, ఇంటింటికీ వెళ్లి బ్యాలెట్లు పంపించేలా చూడండి. ఏ ఆస్తికి ఎంత లాభమో, దాని మీద ఎంత పడాలో లెక్కగట్టే ఇంజినీర్ రిపోర్ట్ కూడా తప్పకుండా చదవండి, ఊరందరికీ కలిగే లాభం ఖర్చుని మీ ఇళ్ల మీద రుద్దితే అది చెల్లదు.