కట్నం ఇచ్చాం, సంతకం పెట్టమంటున్న అన్నయ్యలు

ప్రశ్న: నాన్న 2018లో వీలునామా రాయకుండానే పోయారు. గుంటూరు జిల్లాలో 4 ఎకరాల 80 సెంట్ల పొలం ఉంది. అందులో ఎకరం 60 సెంట్లు నాన్న కొన్నది, మిగతాది తాతగారి నుంచి వచ్చింది. పాస్‌బుక్కులు అన్నయ్యలిద్దరి పేరు మీదకి మారాయి. ‘నీ పెళ్లికి కట్నం ఇచ్చాం, ఇంక వాటా ఏంటి, వచ్చి సంతకం పెట్టు’ అంటున్నారు. అమ్మ పెద్దన్నయ్య దగ్గరే ఉంటుంది. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని భయం.

జవాబు: ముందు ఆ సంతకం ఆపండమ్మా. వాళ్లు పెట్టమంటున్నది బహుశా హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకుంటున్నట్టు రాసే కాగితం. అది రిజిస్టరైతే తర్వాత తహసీల్దారు చేతిలో ఏమీ ఉండదు. మోసగించి పెట్టించుకున్నారంటే, అది తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేసి, ఆ మోసాన్ని మీరే రుజువు చేసుకోవాలి. ‘కాగితం ఫొటో పంపు అన్నయ్యా, చదివి చెబుతా’ అనండి. అందులో గొడవేమీ లేదు. ఖాళీ స్టాంపు పేపరు మీద మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. నాన్న కొన్న ఎకరం 60 సెంట్లలో అమ్మ, అన్నయ్యలు, మీరు నలుగురూ సమానం, తలా 40 సెంట్లు. మిగిలిన 3 ఎకరాల 20 సెంట్లలోనే చిక్కంతా ఉంది. అది నిజంగా పిత్రార్జితమైతే, అంటే తరతరాలుగా వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం నాన్న, ఇద్దరన్నయ్యలు, మీరు తలా 80 సెంట్లకు హక్కుదారులు. నాన్న 80 సెంట్లు మళ్లీ నలుగురికీ 20 చొప్పున. అంటే మీకు మొత్తం ఎకరం 40 సెంట్లు, అమ్మకు 60 సెంట్లు. అలా కాకుండా తాతగారే కొని, 1956లో ఆ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయి ఉంటే, అది నాన్నకు సొంత ఆస్తిగానే వచ్చినట్టు. అప్పుడు మొత్తం నాలుగు సమాన భాగాలు, తలా ఎకరం 20. అమ్మ వాటా అక్కడ రెట్టింపవుతుంది. అందుకే పాత దస్తావేజులు చూడకుండా ‘నాకింత రావాలి’ అని నోరు జారొద్దు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం జరిగి ఉంటే ఈ లెక్క మారుతుంది.

పాస్‌బుక్కు పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. అయితే ఆ పేరు చూపించి అమ్మేసే ప్రమాదం ఉంది. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకోండి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు ఉంచుకోండి. హక్కు తేల్చేది ఆయన కాదు, సివిల్ కోర్టు. చాలామంది రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగి ఏళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

కోర్టుకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీ(తీర్పు)తో సమానం, అప్పీలు ఉండదు. కుదరకపోతే భాగపంపిణీ దావా వేసి, దాంతోపాటే పొలం అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) అడగాలి. దావా నడుస్తుండగా అమ్మినా, కొన్నవాళ్లు తీర్పుకు కట్టుబడాల్సిందే. ప్రిలిమినరీ డిక్రీలో, అంటే తొలి తీర్పులో, ఎవరి వాటా ఎంతో తేలుతుంది. కోర్టు నియమించిన కమిషనరు వచ్చి కొలిచి, ఫైనల్ డిక్రీ (తుది తీర్పు) వచ్చేదాకా గట్లు మారవు. ఈ రెండో దశకే ఎక్కువ ఓపిక కావాలి.

పుట్టింటి మాటకొస్తే, పొలమే కావాలని పట్టుబట్టక్కర్లేదు. మీ వాటాకు ధర కట్టి అన్నయ్యలనే కొనుక్కోమనండి. వారసుల్లో ఒకరు అమ్మదలచుకుంటే ముందు కొనే హక్కు మిగతావాళ్లకు చట్టమే ఇచ్చింది. అన్నయ్యలకు లాయరు నోటీసు పంపేలోపు ఒకసారి అమ్మతో ఒంటరిగా మాట్లాడండి. తనకూ వాటా ఉందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.