పావుకిలో అంటే ఇరవై అయిదు దెకా: బుడాపెస్ట్ మార్కెట్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న (మలక్‌పేట): మూడు రోజులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఉంటాం. మార్కెట్‌కి ఏ రోజు, ఎన్నింటికి వెళ్లాలి? భాష రాదు, ఎలా కొనాలి?

ఫోవామ్ చౌరస్తాలోని పెద్ద మార్కెట్‌తో మొదలుపెట్టండి. 1897లో కట్టింది. పైకప్పు మీద జోల్నాయ్ పింగాణీ కంపెనీ వారి రంగురంగుల పెంకులు దూరం నుంచే కనబడతాయి. నాలుగో నంబరు మెట్రో గానీ, 47, 49 నంబర్ల ట్రాములు గానీ దాని ముందే దింపుతాయి. మంగళవారం నుంచి శుక్రవారం లోపల, పొద్దున ఎనిమిదికల్లా లోపల ఉండండి. పదిన్నర దాటితే టూరిస్టు గుంపులు దిగుతాయి. శనివారం త్వరగా సర్దేస్తారు. ఆదివారాన్ని నమ్ముకోవద్దు. ఆ రోజు కజింత్సి వీధిలోని సింప్లా కెర్ట్‌కు వెళ్లండి. రాత్రిళ్లు బార్‌గా నడిచే ఆ పాత భవనంలో ఆదివారం పొద్దున రైతుల సంత జరుగుతుంది.

పెద్ద మార్కెట్‌లో కింది అంతస్తు కూరగాయలు, మాంసం, మిరపపొడులది. నేలమాళిగలో చేపలు, ఊరగాయలు. పైన తిండి, అల్లికబట్టలు. మామూలు టూరిస్టు నేరుగా పైకెక్కుతాడు. మీరు కిందే మొదలుపెట్టండి, అసలు సరుకు అక్కడే ఉంది.

ధర కిలోకి రాసి ఉంటుంది, అడగడం మాత్రం 'దెకా'ల్లో. ఒక దెకా పది గ్రాములు. కాబట్టి మన పావుకిలో ఇరవై అయిదు దెకా. అంకె కాగితం మీద రాసి చూపించినా చాలు. సొమ్ము అక్కడి కరెన్సీ ఫోరింట్లలో ఉంచుకోండి. యూరోలు తీసుకునేవాళ్లూ ఉంటారు గానీ, రేటు వాళ్లకు అనుకూలంగా కడతారు. ఉచ్చారణకు ఒక కిటుకు: వాళ్ల లిపిలో ఒంటరి 'ఎస్' అక్షరం 'ష', దాని పక్కన 'జెడ్' చేరితే 'స'. అందుకే ఊరి పేరు వాళ్ల నోట 'బుదపెష్ట్', వాళ్ల పేరున్న మాంసం వంటకం గులాష్ 'గుయాష్'.

ప్రశ్న (సైనిక్‌పురి): అక్కడి నుంచి తెచ్చిన పాప్రికా (వాళ్ల ఎర్ర మిరపపొడి)తో మటన్ వండితే చేదొచ్చింది, రంగు కూడా మట్టిలా మారింది. పొడి కల్తీదా?

పొడిది కాదు, మన చేతి అలవాటుది తప్పు. కాగిన నూనెలో కారం వేసి కమ్మటి వాసన వచ్చేదాకా తిప్పడం మనకు మామూలు. పాప్రికాలో చక్కెర ఎక్కువ. కాగిన నూనెలో అది చప్పున మాడుతుంది. చేదూ మట్టిరంగూ అందువల్లే.

అరకిలో మాంసానికి పావుకిలో ఉల్లి సన్నగా తరిగి, రెండు పెద్ద చెంచాల నూనెలో సన్నసెగ మీద అద్దంలా మెత్తబడేదాకా మగ్గించండి. ఎర్రగా వేగనక్కర్లేదు. గిన్నె పొయ్యి మీంచి దించేయండి, ఇదే కీలకం. దించాకే ఒక నిండు పెద్ద చెంచా పాప్రికా కలిపి, వెంటనే అరకప్పు నీళ్లు పోసి, అప్పుడు మళ్లీ పొయ్యెక్కించండి. మాంసం, ఉప్పు, ఒక టమాటా, ఒక క్యాప్సికం, అర చెంచా షాజీరా (వాళ్లు వాడే కెరవే గింజలకు దగ్గరి చుట్టం). పసుపు, గరంమసాలా వద్దు, వేస్తే అది మన కూరే అవుతుంది. తక్కువ నీళ్లతో ఉడికిస్తే చిక్కటి 'పొర్కొల్ట్' వస్తుంది. హంగరీ బయట గులాష్ అనే పేరుతో పెట్టేది ఎక్కువగా ఇలాంటిదే. అసలు గుయాష్ పల్చటి పులుసు: మాంసం మెత్తబడ్డాక నీళ్లు పెంచి, ఆఖరి ఇరవై నిమిషాల్లో ఆలూ, క్యారెట్ వేస్తారు.

కొనేటప్పుడు సెగెద్ గానీ, కలోచా గానీ ఊరిపేరు చూడండి. 'ఏదెష్' అంటే తీపిది, 'చీపోష్' అంటే ఘాటుది. ఎరుపును బట్టి ఘాటు అంచనా వేయకండి. గుడ్డసంచుల్లోవి చూడముచ్చటగా ఉంటాయి గానీ గాలి సోకుతుంది. ఇంటి వాడకానికి బిగుతు ప్యాకెట్ కొని ఫ్రిజ్‌లో పెట్టండి. వెలుతురు తగిలితే రంగూ రుచీ రెండూ పోతాయి. పాప్రికా అయిపోతే కశ్మీరీ మిర్చిపొడి సగం కొలతలో వేయండి. రంగు వస్తుంది, తీపి రాదు.

ప్రశ్న (కూకట్‌పల్లి): మేం శాకాహారులం. బ్రెడ్డు, చిప్సేనా?

కాదు గానీ, 'కూరగాయలే' అన్నమాటను నమ్మి కూర్చోవద్దు. కూరగాయను ఉడికించి చిక్కబరిచే 'ఫొజెలేక్' చవక, కడుపు నిండుతుంది. కానీ కొన్నిచోట్ల పందికొవ్వుతో చేస్తారు, పైన సాసేజ్ పెడతారు. జున్ను నూడుల్స్ 'తూరోష్ చుసా' మీద వేయించిన పందిమాంసం ముక్కలు చల్లడం అక్కడ మామూలే. 'జీర్' (పందికొవ్వు), 'సలొన్నా' (బేకన్), 'హూష్' (మాంసం), ఈ మూడు మాటలు రాసుకుని వంటింట్లో అడిగించండి. పుట్టగొడుగుల పాప్రికాష్ (పాప్రికా, పుల్లటి మీగడ వేసిన కూర), వేసవిలో పుల్లటి చెర్రీల చల్లని సూప్ బాగుంటాయి.

మార్కెట్ పైన 'లాంగోష్' తినండి. మన భటూరాకు పెద్దన్న. వెల్లుల్లినీళ్లు, పుల్లటి మీగడ, చీజ్, ఈ మూడే అసలు జోడీ. మిగతావి ఒక్కొక్కటీ వేయించుకుంటూ పోతే బిల్లు రెట్టింపవుతుంది. దేంట్లో వేయిస్తారో ఇక్కడా అడగండి.

ప్రశ్న (వనస్థలిపురం): ఆవకాయ, నెయ్యి, కోడిపచ్చడి తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ, పొడులు తీసుకెళ్లొచ్చు, నూనె ఉంది కాబట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. నెయ్యి, పాలకోవా, కోడిపచ్చడి వద్దు: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల సరుకులు, మాంసం తేకూడదు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, పొడి చేసి పట్టుకెళ్లండి. చిత్రంగా అరటిపళ్లకు, కొబ్బరికాయకు ఆ గొడవ లేదు.

ప్రశ్న (మెట్టుగూడ): నేలమాళిగలో ఎండలో ఊరిన కీరదోస తిన్నాం. ఇక్కడ చేయగలమా?

మన ఎండకు ఇంకా త్వరగా అవుతుంది. చిన్న గట్టి కీరలు కిలో. రెండు కొసలూ కోసి, నిలువునా నాలుగు చీలికలు పెట్టండి, విడిపోకూడదు. గాజుసీసాలో అడుగున సోయకూర, వెల్లుల్లి, పైన కీరలు. లీటరు నీళ్లకు ఇరవై గ్రాముల రాళ్ల ఉప్పు మరిగించి, గోరువెచ్చగా పోయండి. పైన ఒక బ్రెడ్ ముక్క. ప్రిజర్వేటివ్ లేనిదే కావాలి, పులియబెట్టే పని దానిది. సీసాను సాసర్‌తో మూసి ఎండలో పెట్టండి. వాళ్లకు మూణ్ణాలుగు రోజులు, మే నెలలో మనకు రెండు చాలు. అంతకు మించితే మెత్తబడిపోతాయి. నీళ్లు తెల్లగా మసకబారడం మంచి గుర్తే. కీర నీటిపైకి తేలితే బూజు పడుతుంది, చిన్న గిన్నె బరువుగా పెట్టండి. అయ్యాక బ్రెడ్ తీసేసి, నీళ్లు వడకట్టి, ఫ్రిజ్‌లో వారంలోపు తినేయండి. ఆ పులుపునీళ్లు పారబోయకండి, సోడా కలిపి తాగుతారు అక్కడ.