టూలెట్ బోర్డు పెట్టేముందు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

వనస్థలిపురం ఇల్లు అమ్మకుండా, రెండు పోర్షన్లూ నువ్వే దగ్గరుండి చూసుకుంటూ అద్దెకిస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. తాతయ్య కట్టిన ఇంటికి ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికిందని గర్వంగా ఉంది. భయమూ ఉంది. ఆ ఇల్లు పాతది. వచ్చేవాళ్లలో పసిపిల్లలుంటారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, విసుక్కోకుండా చదువు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. అగ్రిమెంటు 11 నెలలకు రాసుకో. ఆధార్ జిరాక్సు, పోలీసు వెరిఫికేషన్, కరెంటు మీటరు రీడింగ్ ఫొటో, ఇవన్నీ తాళాలిచ్చే రోజుకే అయిపోవాలి. అదే రోజు గదిగదికీ వీడియో తీయి. తలుపుల వెనక, సింకు కింద, కిటికీ జాలీలు, కమోడ్ పీఠం దగ్గర పగుళ్లు, ఇవి ఎవరూ తీయరు, ఖాళీ చేసేటప్పుడు గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి. ఫ్యాన్లెన్ని, లైట్లెన్ని, తాళంచెవులెన్ని అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

ఇక అసలు సంగతి. ఆ ఇంటికి ఒక పాత తప్పుంది, కింద వంటింటి గోడ. దానికి సరిగ్గా పైన మేడమీది బాత్రూం. అద్దెవాళ్లు మారినప్పుడల్లా ఆ గోడను గీకించడం, పుట్టీ పెట్టించడం, రంగు వేయించడం, ఇదే మన ఇంట్లో ఏళ్ల తరబడి జరిగింది. కొత్తవాళ్లు చూసేనాటికి గోడ తళతళలాడేది. నాలుగు నెలలు తిరక్కముందే బుడగలు, పెచ్చులు, తెల్లటి ఉప్పు. పైన్నించి నీళ్లు దిగుతున్నంతకాలం ఏ రంగూ నిలవదమ్మా. తడి లోపలినుంచి బయటికి నెడుతుంది, సిమెంటులోని ఉప్పుల్ని మోసుకొచ్చి రంగు వెనకే పేరుస్తుంది. ఈలోపు స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ లావెక్కుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. రంగుతో పోయే పని చివరికి స్లాబు రిపేరుకొస్తుంది.

నువ్వు మాత్రం పెయింటర్‌ని పిలిచే ముందు ప్లంబర్‌ని పిలువు. నీళ్లు మూడు దారుల్లో ఒకదాన్నుంచి వస్తుంటాయి: గోడలో ఉన్న పైపు, నేల టైల్స్ సందులు, లేదా నహాని ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) జాయింటు. ముందు పైపు. చివర్లు మూసి, గేజు ఉన్న చేతిపంపుతో ప్రెషర్ ఎక్కించమను. ముల్లు దిగిపోతోందంటే పైపే. నిలబడితే నేల చూడాలి. ట్రాప్ నోట్లో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గుడ్డ గట్టిగా దూర్చి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలెయ్. ఆవిరైపోయేది కాస్తే. మట్టం బాగా దిగినా, కింద తడి పెరిగినా నేలలోంచే కారుతోంది. గీత దగ్గరే ఉంటే గుడ్డ తీసి ట్రాప్‌లో నాలుగు బకెట్లు గుమ్మరించు. అప్పుడు కింద చెమ్మ వస్తే జాయింటు.

సందులే అయితే వాటిలో నింపిన పాత గ్రౌట్ గీకేసి, నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పెట్టించు. మామూలు తెల్ల సిమెంటు పూసి 'అయిపోయిందమ్మా' అంటే డబ్బులివ్వకు. దానికీ ఆగకపోతే టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించాలి, నేలకే కాకుండా గోడలమీదికి అడుగెత్తు దాకా. టైల్స్ వేయకముందే మళ్లీ 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడు. మేస్త్రీ తొందరపెడతాడు, లొంగకు. కారడం ఆగాక కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ప్లాస్టిక్ షీటు అడుగు ముక్క కోసి నాలుగువైపులా టేపు వేసి గోడకి అంటించు. మర్నాడు లోపల చెమ్మ పట్టిందా, రంగు వాయిదా.

నన్ను ఇంతగా కంగారుపెట్టేది రంగు కాదు. ఆ తడి గోడలోనే ఫ్రిజ్ ప్లగ్గుకు వెళ్లే కరెంటు పైపు ఉంది.

మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్రతి ప్లగ్గులో మీటరు పెట్టించు. ఫేజు అంటే కరెంటొచ్చే వైరు, న్యూట్రల్ తిరిగెళ్లేది, ఎర్తు భూమిలోకి దిగేది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఓల్టుల దరిదాపు రావాలి, ఫేజుకీ ఎర్తుకీ మధ్యా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు. పాత ఇళ్లలో మూడో రంధ్రానికి, అంటే ఎర్తుకు, వైరే ఉండదు, లేదా న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు. రెండోది మరీ ప్రమాదం, న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ ఒంటిమీదే కరెంటు. ఎర్త్ గుంట ఎండాకాలం ఎండిపోతే సరిగ్గా పనిచేయదు, నీళ్లు పోయించు. MCB (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చు) ఉందిగా అని ధీమా పడకు, అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషికి 30 మిల్లీఆంపియర్ల RCCB (కరెంటు కాస్త లీకైనా పడిపోయే స్విచ్చు) కావాలి, పోర్షన్‌కొకటి. దాని టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కితే టక్కున పడాలి. 'నల్లా ముట్టుకుంటే జివ్వుమంటోంది' అని ఎవరైనా ఫోన్ చేస్తే రేపు చూద్దాం అనకు తల్లీ. అప్పటికప్పుడు మెయిన్ ఆఫ్ చేయించు, ఆ రోజే మనిషిని పంపు.

గీజరు రెండు కిలోవాట్లదైతే తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానికి వేరే లైను, వేరే MCB, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటుంది కనుక ఏడాదికోసారి విప్పించి, యానోడ్ కడ్డీ (ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే కడ్డీ), సేఫ్టీ వాల్వు చూపించు. గ్యాస్ గీజరు బాత్రూం లోపల పెట్టుకుంటామంటే ఎంత బతిమాలినా ఒప్పుకోకు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తలుపేసుకుని స్నానం చేసేవాళ్లకు తేడా తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. సంపు మూతకి తాళం వేయించు, తాళంచెవి పిల్లలకందని చోట ఉండాలి. దీనికి ఇంకేం చెప్పక్కర్లేదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు నీ ఇల్లే కదా అని తాళం తీసుకుని దూరకు. అద్దెకిచ్చాక అది వాళ్ల ఇల్లు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన మాదిరి అద్దె చట్టం కూడా 24 గంటల ముందు తెలియజేయాలనీ, సూర్యోదయానికి ముందు, అస్తమయం తర్వాత వెళ్లకూడదనీ అంటోంది. మే నెలాఖర్లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి వెళ్తే చాలు. ఫోన్లో 'అంతా బాగానే ఉందా' అని అడిగి ఊరుకోవడం మాత్రం చూడటం కాదు, ఆ అలవాటు నీకుంది, మానుకో. మేడమీద వాన పైపుల నోళ్లలో వేపాకు తీయించి, బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడు. సింకు కింద చెయ్యి పెట్టి తడుము. ట్యాంకు ఆరు నెలలకోసారి కడిగించు. వాళ్లు చెప్పే చిన్న ఫిర్యాదు విసుక్కోకుండా విను. ఒక్కసారి కసిరావంటే తర్వాత కారుతున్నా చెప్పరు.

ఎలక్ట్రీషియన్ వచ్చే రోజు నాకు ఫోన్ చెయ్యి. వంటింటి ప్లగ్గులో ఎర్త్ ఎంత చూపించిందో ఆ అంకె చెప్పు. అది విన్నాకే బోర్డు పెడుదువుగాని.

మీ పెదనాన్న