మిసిసాగాలో గంజాయి షాపులకు మాలాంటి వ్యాపారులు ఎందుకు సరేనన్నారంటే

కిరాణా, టిఫిన్ సెంటర్లు నడుపుకునే మనవాళ్లు గంజాయి షాపు పక్కన వచ్చినా పర్వాలేదని ఎలా అన్నారని మీరు అడిగారు. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కెనడాలో టొరంటో పక్కనున్న మిసిసాగాలో, ఒక ప్లాజాలో మాది ఇండియన్ గ్రోసరీ. నేను గంజాయి ముట్టను, మా పిల్లలు ముట్టకూడదనే కోరుకుంటాను. అయినా షాపులు రానివ్వమనే మా వార్డు కౌన్సిలర్‌కి ఉత్తరం రాశాను.

కెనడాలో గంజాయి చట్టబద్ధమైంది 2018 అక్టోబరు 17న. షాపులు వద్దనుకునే ఊళ్లు 2019 జనవరి 22 లోపు ఆ మాట చెప్పాలని మా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం గడువు పెట్టింది. మిసిసాగా వద్దంది. మా పక్క ఊళ్లు, అటు టొరంటో, ఇటు బ్రాంప్టన్ సరేనన్నాయి. మా కౌన్సిల్ ఒప్పుకునేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది.

మధ్యలో ఆ నాలుగేళ్లూ ఇక్కడ తాగేవాళ్లు మానేశారా? లేదు. కారున్నవాళ్లు హురంటారియో రోడ్డు పట్టుకుని బ్రాంప్టన్ వెళ్లి కొన్నారు, పనిలో పనిగా అక్కడే భోంచేసి, అక్కడే సరుకులు తెచ్చుకున్నారు. కొందరు ప్రభుత్వ సైట్‌లో ఆర్డర్ పెట్టుకున్నారు. మిగతావాళ్లకి ఫోన్ చేస్తే ఇంటికి తెచ్చిచ్చే దొంగ సరుకువాడు ఉండనే ఉన్నాడు. వాడు వయసు అడగడు, పన్ను కట్టడు. షాపు తలుపు మూసిపెట్టి మనం లాభపడేలా చేసింది వాణ్ణే. నేను ఉత్తరం రాయడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

రెండోది పూర్తిగా వ్యాపారం సంగతి. కోవిడ్‌లో మా పక్క యూనిట్ మూతపడింది. అద్దాలకి లోపలనుంచి కాగితాలు అంటించి, ఎంతకాలమో అలాగే వదిలేశారు. "ఈ ప్లాజా కూడా అయిపోయినట్టేనా అంకుల్?" అని కస్టమర్లు అడుగుతుంటే గుండె జారిపోయేది. అద్దెకి తోడు టీఎమ్ఐ (ఆస్తిపన్ను, మెయింటెనెన్స్, ఇన్సూరెన్సుల్లో మా వాటా) ప్రతినెలా కట్టి తీరాలి, వచ్చేపోయే జనం మాత్రం తగ్గిపోయారు. సాయంత్రం పూట పార్కింగ్‌లో కార్లు కనబడితేనే మాకు బతుకు.

తర్వాత ఆ వరసలోనే చివర ఒక గంజాయి షాపు తెరిచారు. గుమ్మంలోనే ఐడీ చూస్తారు, 19 ఏళ్లు నిండకపోతే లోపలికి రానివ్వరు. తండ్రి చంకనెత్తుకున్న పసిపిల్లకి కూడా ప్రవేశం లేదు. పొట్లాల మీద ఎక్సైజ్ స్టాంపు, గంజాయి అని తెలిపే ఎర్ర గుర్తు, పసుపు రంగు గడిలో ఆరోగ్య హెచ్చరిక ఉంటాయి. పిల్లలకి సరుకు కనబడకూడదన్న నిబంధన కోసం అద్దాలన్నీ మసకగా మూసేశారు. నాకు నచ్చనిది అదొక్కటే, దూరం నుంచి చూస్తే అది కూడా ఖాళీ యూనిట్‌లాగే ఉంటుంది. పిల్లల్ని గేటు బయటే ఆపుతున్నప్పుడు కాస్త వెలుతురు కనబడే దారి ఆలోచించవచ్చు కదా.

మీ ఊళ్లో ఇప్పుడు చర్చ నడుస్తుంటే ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఒంటారియోలో ఒకసారి సరేనన్నాక ఊరు వెనక్కి తగ్గడానికి వీల్లేదు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర స్థాయి కమిషన్, సిటీ కాదు. స్కూలుకి 150 మీటర్ల లోపు ఉండకూడదు, అంతవరకే. ఒక వీధిలో ఎన్ని షాపులు ఉండాలో చెప్పే అధికారం కౌన్సిల్‌కి లేదు. టొరంటోలో క్వీన్ స్ట్రీట్ వెస్ట్ మీద ఒకదాని పక్కన ఒకటి పుట్టుకొచ్చి, తర్వాత వాటిలో చాలా మూతపడ్డాయి. అంటే ఖాళీ యూనిట్ల బెడద తీరుతుందనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. షాపుకీ షాపుకీ మధ్య దూరం పెట్టాలని రాష్ట్రాన్ని అడగమని మీ కౌన్సిలర్‌కి వ్యాపారులంతా కలిసి రాయండి. లైసెన్సు ఇచ్చేముందు ఆ యూనిట్ బయట 15 రోజులు నోటీసు పెడతారు, అభ్యంతరం ఉంటే ఆలోపే పంపాలి.

మీ షాపులో పనిచేసే మన స్టూడెంట్ పిల్లలకి కూడా ఒక మాట చెప్పండి. ఇక్కడ కొన్నది, గంజాయి కలిపిన గమ్మీ మిఠాయి అయినా సరే, ఇండియాకి గానీ అమెరికా బోర్డర్ దాటించి గానీ తీసుకెళ్తే నేరం. అటువంటి కేసు పడితే స్టడీ పర్మిట్‌కే ఎసరు రావచ్చు.