ఆ గొంతు ఎవరి జ్ఞాపకంలోది? – ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నింటెండో సంస్థ వీడియోగేమ్‌ల హీరో మారియో మీద తీసిన యానిమేషన్ సినిమా విడుదలకు ముందు బయటికి వచ్చిన దృశ్యాలకు అభిమానులు ఎలా స్పందించారో రాయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. మన దగ్గర సినిమా గురించి రాసేవారికి కొదవ లేదు. సినిమా చూసేవారి గురించి ఓపికగా రాసేవారు మాత్రం చాలా అరుదు. అందుకే నీ వ్యాసం బాగా రావాలని నాకు పట్టుదలగా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

మొదటి పేరా పూర్తిగా తీసేయి. ‘నెట్టింట సంచలనం’, ‘నెటిజన్లు ఫిదా’, ‘మిశ్రమ స్పందన’ – ఈ మాటలను ఏ సినిమాకైనా తగిలించవచ్చు. అంటే ఈ సినిమా గురించి అవి చెప్పేది ఏమీ లేదు. వ్యూస్ లెక్క కూడా అక్కర్లేదు. ఇష్టపడి చూసినవాడు, కోపంతో తప్పులు వెదకడానికి చూసినవాడు, పక్కవాళ్లు చెబితే తెరిచి మధ్యలో వదిలేసినవాడు – అందరూ ఆ అంకెలోనే ఉంటారు. నీకు కావలసింది వాళ్లను విడదీసి చూడటం.

ముందు తెరమీద ఏముందో రాయి. స్పందన గురించి రాసేవారిలో చాలామంది ఈ పని చేయరు. ఆ దృశ్యం అందరూ చూసిందే కదా అనుకుంటారు. కానీ పాఠకుడికి దృశ్యం కనబడకపోతే స్పందన గాలిలో వేలాడుతుంది. 2022 అక్టోబరు 6న నింటెండో విడుదల చేసిన మొదటి టీజరునే తీసుకో. ఒక మంచు కోట. దాని మీదికి కథలో ప్రతినాయకుడైన తాబేళ్ల రాజు బౌజర్ తన సైన్యంతో దండెత్తి వస్తాడు. కోటను కాపాడుకోవడానికి పెంగ్విన్లు వీరావేశంతో బయటికి వచ్చి మంచు ముద్దలు విసురుతాయి. అవి ఆ తాబేలు సైనికులకు తగిలి ఏ దెబ్బా లేకుండా రాలిపోతాయి. పెంగ్విన్ల రాజు మాత్రం, ఇది మా ప్రతాపంలో రుచి మాత్రమే, లొంగిపోతావా అని అడుగుతాడు. బౌజర్ లొంగనని చెప్పి, ఒక్క ఊపిరి మంటతో కోటను కరిగించేస్తాడు. ఇంత జరిగాక గానీ మారియో రాడు. వచ్చాక ఆయన నోట వినిపించేవి ఒకటి రెండు చిన్న మాటలే. బౌజరుకు గొంతునిచ్చింది జాక్ బ్లాక్, మారియోకు క్రిస్ ప్రాట్.

ఇప్పుడు నీ వ్యాసంలోని వాక్యం చూడు: ‘జాక్ బ్లాక్ గొంతును మెచ్చుకున్నారు, క్రిస్ ప్రాట్ గొంతును తిరస్కరించారు.’ నిజమే, చాలామంది అలాగే మాట్లాడారు. కానీ ఎందుకు? బౌజరుకు నటించడానికి ఒక నిండు సన్నివేశం దొరికింది. బెదిరింపు, గర్వం, నింపాదితనం అన్నీ అందులో ఉన్నాయి. మారియోకు దొరికినవి ఆ నాలుగు మాటలు. ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టి తీర్పు చెప్పేంత సామగ్రి ఆ టీజరులోనే లేదు. ఈ సంగతి నువ్వు గమనించి రాస్తే పాఠకుడు నిన్ను నమ్ముతాడు. చూసినవాళ్లు అన్నది రాసుకోవడమే కాక, వాళ్లు దేన్ని చూసి అన్నారో నీకు తెలుసని అతనికి అర్థమవుతుంది.

అసలు విషయం గొంతు దగ్గరే ఉంది. ఇక్కడ నువ్వు ఇంకా లోతుకు వెళ్లాలి.

ప్రాట్ పేరు ప్రకటించింది 2021 సెప్టెంబరులో. అంటే టీజరు వచ్చేనాటికి సందేహం ఏడాది వయసుది. జనం ఖాళీ మనసుతో ఆ దృశ్యాన్ని చూడలేదు, ఏడాదిగా మోస్తున్న ప్రశ్నతో చూశారు. ఆ ప్రశ్న ఎక్కడిది? 1990ల నుంచి 2023 దాకా ఆటల్లో మారియోకు గొంతునిచ్చింది చార్లెస్ మార్టినే అనే నటుడు. 1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’తో ఆ హుషారైన, ఇటాలియన్ యాస కలిసిన సన్నని గొంతు ఇంటింటా వినిపించింది. ఆ ఆటతో పెరిగినవారికి మారియో అంటే టోపీ, మీసం ఎంతో, ఆ గొంతు కూడా అంతే. సినిమాలో మామూలు అమెరికన్ గొంతు వినబడగానే వాళ్లకు మనిషి మారిపోయినట్టు అనిపించింది. అదే రోజుల్లో ఫ్రెంచి డబ్బింగ్ టీజరును ఒకరికొకరు పంపుకుని, ఆట గొంతుకు ఇదే దగ్గరగా ఉందని మెచ్చుకున్నవారూ ఉన్నారు. ఫ్రెంచి ఒక్క ముక్క రానివారు కూడా ఆ మాట అన్నారు. అర్థంతో పని లేకుండా ధ్వనిని గుర్తుపట్టారంటే, వాళ్ల ఫిర్యాదు ఎంత కచ్చితమైనదో చూడు. దాన్ని ‘అభిమానుల గోల’ అని నువ్వు తేల్చేయడం నాకు నచ్చలేదు. అది గోల కాదు, ఎరుక.

అయితే నీ వ్యాసంలో ఒక బంగారం లాంటి వాక్యం ఉంది, దాన్ని నువ్వే గుర్తించలేదు. నాలుగో పేజీలో, మీ అన్నయ్య టీజరు చూసి ‘మారియో మాట్లాడతాడని నాకు తెలియనే తెలియదు’ అన్నాడని రాశావు. రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయావు. తమ్ముడూ, నీ వ్యాసం అక్కడే ఉంది! మీ అన్నయ్య వయసువారు మన ఊళ్లలో మారియోను ఎలా ఆడారు? వేసవి సెలవుల్లో టీవీకి తగిలించే చవక వీడియోగేమ్ డబ్బాల మీద, గంటకింత అద్దె కట్టి, పక్కింటి పిల్లలందరూ వంతులు వేసుకుని ఆడారు. వాటిలో ఉన్నది 1985 నాటి పాత ఆట. అందులో సంగీతం ఉంది, గెంతినప్పుడు శబ్దం ఉంది, నాణెం దొరికితే టింగుమంటుంది. మాట మాత్రం లేదు. కాబట్టి మీ అన్నయ్యకు ప్రాట్ గొంతు మీద కోపం రావడానికి కారణమే లేదు. అమెరికాలోనో ఫ్రాన్స్‌లోనో పెరిగిన అతని ఈడు మనిషికి ఆ గొంతు బాల్యంలో భాగం. అదే బొమ్మ, అదే టీజరు, కానీ జ్ఞాపకాలు వేరు. ‘అభిమానులు తిరస్కరించారు’ అని నువ్వు రాసినప్పుడు మీ అన్నయ్య ఆ వాక్యంలో ఎక్కడున్నాడు?

నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. ముందస్తుగా వచ్చిన రెండు నిమిషాల దృశ్యానికి వచ్చే స్పందన సినిమా మీద తీర్పు కాదు, సినిమా అప్పటికి ఎవరూ చూడలేదు. ఆ మనిషి తన దగ్గర దాచుకున్నదాన్ని తెరమీద ఉన్నదానితో పోల్చి చూసుకుంటున్నాడు. నువ్వు రాయవలసింది ఆ దాచుకున్నదేమిటో. ఘంటసాల 1974లో కన్నుమూశాక, అప్పటిదాకా ఆయన పాడిన నాయకులకు మరో గొంతు వినబడితే మన పెద్దవాళ్లకు ఎలా ఉండేదో ఇంట్లో ఎవరినైనా అడుగు. కొత్త గొంతు ఎంత గొప్పదైనా చెవి ముందు పాతదాన్నే వెదుక్కుంటుంది. అది తెలిస్తే మారియో అభిమాని నీకు పరాయివాడుగా కనిపించడు.

పోస్టరులో మారియో వెనకభాగం చదునుగా ఉందన్న ఎగతాళి గురించి నువ్వు ఒక పేజీ రాశావు. రెండు వాక్యాలు చాలు.

ఆ పేజీకి బదులు 2022 డిసెంబరు 8న వీడియోగేమ్‌ల పురస్కారాల వేడుక ‘గేమ్ అవార్డ్స్’లో చూపిన దృశ్యాన్ని తీసుకో. అప్పటిదాకా వచ్చినవి ముక్కలు కలిపి కత్తిరించిన టీజరు, ట్రైలరు. ఇది సినిమాలోంచి నేరుగా తీసిన సన్నివేశం. పుట్టగొడుగు తల ఉన్న బుల్లి పాత్ర టోడ్, మారియోను వెంటబెట్టుకుని పుట్టగొడుగుల రాజ్యం గుండా తీసుకెళుతూ, ఈయన తమ్ముడు చావబోతున్నాడు, తప్పుకోండి అని దారిపొడవునా హుషారుగా అరుస్తూ పోతాడు. తమ్ముడు గుర్తుకొచ్చిన మారియో ముఖాన్ని, ఆ పిల్లవాడి ఉత్సాహాన్ని పక్కపక్కన చూడు. ఆ దుకాణాలను, గొట్టాలను ఆపి ఆపి చూసి, ఇది ఫలానా ఆటలోది అని గుర్తుపట్టి మురిసిపోయినవారు ఎందరో. రెండు నెలల క్రితం గొంతు దగ్గర ఆగిపోయినవారిలో కొందరైనా వీరిలో ఉండే ఉంటారు. ఒకే మనిషిలో ఫిర్యాదు, ఆనందం కలిసి ఉంటాయి. అలాంటివారిని ఇద్దరు ముగ్గురిని పట్టుకుని తీరిగ్గా మాట్లాడు.

ఇక నీ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన చోటుకు వస్తాను. సినిమా మొదట్లో మారియో, అతని తమ్ముడు లుయీజీ తమ ప్లంబింగ్ పనికి టీవీ ప్రకటన చేస్తారు. అందులో వాళ్లిద్దరూ ఆటల్లోని ఇటాలియన్ యాసను బాగా సాగదీసి మాట్లాడతారు. ఆ యాస మరీ ఎక్కువైందా అని వాళ్లు అనుమానపడితే, పక్కనున్న ఒక మనిషి భేషుగ్గా ఉందంటాడు. ఆ మనిషికి గొంతునిచ్చింది సాక్షాత్తు మార్టినే. ‘అభిమానుల ఆగ్రహానికి తలొగ్గి ఈ సన్నివేశం చేర్చారు’ అని నువ్వు రాశావు. నీకెలా తెలుసు? మార్టినే సినిమాలో ఉంటాడని తారాగణం ప్రకటించిన రోజే చెప్పారు. యానిమేషన్‌లో సాధారణంగా గొంతును ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు పెదవులను, ముఖాన్ని కదిలిస్తారు. ఆ తర్వాత వెలుగునీడలు, ఆ తర్వాత తుది చిత్రం. ఒక సన్నివేశం వెనక నెలల పని ఉంటుంది. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణమని రాయకూడదు. ఆ సన్నివేశం పాత గొంతును తలుచుకుంటోందని రాయి. అది తెరమీద కనబడుతోంది కాబట్టి ధైర్యంగా రాయవచ్చు.

కారణం రూఢిగా తెలిసిన సందర్భాలూ ఉన్నాయి. మరో వీడియోగేమ్ బొమ్మ సోనిక్ మీద వచ్చిన సినిమా సంగతే చూడు. అది పూర్తి యానిమేషన్ చిత్రం కాదు, నటుల మధ్య కంప్యూటర్ బొమ్మ తిరిగే సినిమా. 2019 ఏప్రిల్ 30న ట్రైలరు వచ్చింది. చిన్న కళ్లు, మనిషి పళ్లు, చేతికి తెల్లని గ్లవ్స్ లేకపోవడం చూసి ఆట అభిమానులు మండిపడ్డారు. రెండు రోజులకే దర్శకుడు జెఫ్ ఫౌలర్, విన్నాం, మారుస్తాం అని బహిరంగంగా చెప్పాడు. విడుదల 2019 నవంబరు 8 నుంచి 2020 ఫిబ్రవరి 14కు జరిగింది. అంతకుముందే సోనిక్ బొమ్మలు గీసిన టైసన్ హెస్ ఆధ్వర్యంలో రూపం మార్చారు. ఇక్కడ ‘అభిమానుల వల్ల మారింది’ అని నిక్షేపంగా రాయవచ్చు. కానీ 2019 డిసెంబరులోనే, ఆ సినిమాకు పనిచేసిన గ్రాఫిక్స్ సంస్థ ఎంపీసీ వారి వాంకూవర్ స్టూడియో మూతపడింది. సంస్థ చెప్పిన కారణాలు మార్కెట్‌కు సంబంధించినవి. ఆ మూతకు ఈ సినిమాను కారణం చేయకు. అయినా ఆ వార్తను వదిలేయకు. అభిమానుల గెలుపు గురించి రాసిన చాలామందికి ఆ బొమ్మను మళ్లీ చేసినవాళ్లు గుర్తుకు రాలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే ‘ఆదిపురుష్’ ఉంది. అది కూడా యానిమేషన్ చిత్రం కాదు, కానీ మారియో టీజరుకు నాలుగు రోజుల ముందే, 2022 అక్టోబరు 2న, అయోధ్యలో దాని టీజరు విడుదలైంది. గ్రాఫిక్స్ మీద విమర్శలు చెలరేగాయి. నవంబరులో విడుదలను 2023 జనవరి 12 నుంచి జూన్ 16కు వాయిదా వేస్తూ, పనిచేస్తున్న బృందాలకు మరింత సమయం కావాలని దర్శకుడు ప్రకటించాడు. అక్కడ జనం దాచుకున్నది ఆట బొమ్మను కాదు, రాముణ్ణి. ఈ తేడా ఒక్క పేరాలో నువ్వు చెప్పగలిగితే నీ వ్యాసం తెలుగు పాఠకుడి ఇంటి గడప తొక్కుతుంది. అంతకు మించి దీన్ని సాగదీయవద్దు, నీ విషయం మారియో.

అభిమానుల మాటలు ఉదహరించేటప్పుడు ఒక జాగ్రత్త. నువ్వు ఏరుకున్నవన్నీ ఘాటైన తిట్లే. తిట్టు చదవడానికి ఊపుగా ఉంటుంది గానీ, తిట్టినవాడికి ఏం తెలుసో అది చెప్పదు. ‘కళ్లు చిన్నవయ్యాయి’ అన్నవాడి మాట తీసుకో, ‘దరిద్రంగా ఉంది’ అన్నవాడిని వదిలేయి. మామూలు మనుషుల పేర్లు అచ్చులోకి లాగకు, వారి ఊరు, ఈడు చాలు. గొంతునిచ్చిన నటుడి కుటుంబం మీద, మతం మీద వచ్చిన మాటలకు నీ పేజీలో చోటు ఇవ్వకు. అవి ఆ దృశ్యం గురించిన మాటలు కావు.

సినిమా చివరికి ప్రపంచమంతటా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందని ముగింపులో రాసి, ‘అభిమానులు పొరబడ్డారని తేలింది’ అన్నావు. ఆ వాక్యం కొట్టేయి. డబ్బు వచ్చింది కాబట్టి పాత గొంతును తలుచుకున్నవాడు పొరబడ్డాడని ఎలా అంటాం? అతను టికెట్ కొనుక్కుని, పిల్లలతో వెళ్లి, నవ్వి, ఇంటికి వచ్చాక కూడా ఆ గొంతు లేని లోటును అలాగే ఉంచుకుని ఉండవచ్చు.

తిరగరాసేటప్పుడు మీ అన్నయ్యను నాలుగో పేజీ నుంచి మొదటి పేజీకి తీసుకురా. ఆ డబ్బా ఎవరి ఇంట్లో ఉండేది, గంటకు ఎంత ఇచ్చేవారు, ఎన్నో అంకం దాకా వెళ్లగలిగేవాడు, ఆ సంగీతం ఇప్పటికీ నోటితో పలకగలడా – ఇవన్నీ అడుగు. ఆ తర్వాత ‘సూపర్ మారియో 64’ ఆడి పెరిగినవారిలో, విదేశాల్లో ఉన్న మనవాళ్లలోనైనా సరే, ఒకరిని వెదికి మీ అన్నయ్యతో కలిపి ఆ టీజరు చూడమను. ఎవరు ఎక్కడ ఆపుతారో రాసుకో.

హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలు ఉన్నాయి, విదేశీ చిత్రాలకు పనిచేసినవారు అక్కడ దొరుకుతారు. పూర్తయిన ఒక పాత్రకు కళ్లు మార్చాలంటే ఏమేమి తిరిగి చేయాలో వారిలో ఒకరి నోట చెప్పించి, వారి మాటల్లోనే రాయి. మాట్లాడటానికి ఎవరూ దొరకకపోతే ఆ భాగం లేకుండానే పంపు, ఊహించి నింపవద్దు. దసరాలోగా పంపితే తీరిగ్గా చదివి, పేరా పేరాకూ గుర్తులు పెట్టి తిప్పి పంపిస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య లాంటివాడు