లోకల్ టీవీ వార్తలు ఎందుకు నాసిగా ఉంటాయి? మన ఛానల్‌ను ఎలా అంచనా వేయాలి?

మూలం మనుషుల కొరత. రిపోర్టరే కెమెరా పట్టి, ఎడిటింగూ చేసి, రోజుకు రెండు మూడు ఐటమ్‌లు ఇవ్వాలంటే చేతికందేవే తీసుకుంటాడు: ప్రమాదాలు, అరెస్టులు, ప్రెస్‌మీట్లు. పోలీసుల ప్రకటనలో పేర్లు, సెక్షన్లు సిద్ధంగా ఉంటాయి. నగరపాలక బడ్జెట్ చదివి అర్థం చేసుకోవాలంటే రోజులు పడుతుంది. అందుకే ఊళ్లో నేరాలు తప్ప ఇంకేమీ జరగనట్టు కనిపిస్తుంది.

సాంకేతికంగా ముందు దెబ్బతినేది బొమ్మ కాదు, శబ్దం. కెమెరా మీది మైకుతో రెండు మీటర్ల దూరం నుంచి బైట్ (ఎవరైనా మాట్లాడే ముక్క) తీస్తే గాలి, ట్రాఫిక్ మాటను మింగేస్తాయి. కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద తగిలించి, హెడ్‌ఫోన్‌లో వింటూ తీస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. వార్తకూ ప్రకటనకూ మధ్య శబ్దం ఎగిరిపడుతుంటే లౌడ్‌నెస్ (చెవికి వినిపించే శబ్ద స్థాయి) సరిచూడటం లేదన్నమాట.

అంచనాకు స్టాప్‌వాచ్ చాలు. ఓ వారం బులెటిన్లు చూసి, ప్రకటనలు, వాతావరణం, ఆటలు తీసేశాక స్థానిక వార్తకు మిగిలిన నిమిషాలు రాసుకోండి. ఒక్కో ఐటమ్‌లో ఎన్ని గొంతులు వినిపించాయో లెక్కపెట్టండి. ఒక్కటే అయితే అది దాదాపు ప్రెస్‌నోటే. పాత విజువల్ మీద ‘ఫైల్’ అని వేయకపోవడం మాత్రం, నా దృష్టిలో, వీటన్నిటికంటే పెద్ద తప్పు.