శీనూ, సెల్లార్‌లో డబ్బా పెట్టేముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

వాడేసిన బ్యాటరీలూ మిగిలిన రంగు డబ్బాలూ ఇంటింటికీ తిరిగి పోగుచేసి రీసైక్లింగ్‌కి పంపిస్తానని మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లేచి చెప్పావట. మీ నాన్న ఫోన్‌లో ఒకటే మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉంది, కాదనను. కానీ "సెల్లార్‌లో ఒక మూల ఇచ్చారక్కా" అన్నాడు చూడు, అప్పటినుంచీ నాకు టెన్షన్. తెనాలిలో మీ మామయ్య పక్కన రంగుల కొట్లో ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, థిన్నర్ వాసన వస్తే చాలు ఎక్కడ దీపం వెలుగుతోందా అని చూస్తాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తా. పెన్సిల్ సెల్స్, ఫోన్ బ్యాటరీలు, బటన్ సెల్స్ వేరువేరు ప్లాస్టిక్ డబ్బాల్లో వెయ్యి. ఫోన్ బ్యాటరీల్లాంటి లిథియం వాటికీ, ఆ చదరపు తొమ్మిది వోల్టుల దానికీ కొసల మీద టేపు అంటించు. దాని రెండు కొసలూ ఒకే పక్క ఉంటాయి, ఒక తాళంచెవి అడ్డంగా తగిలినా వేడెక్కిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ జోలికి పోకు, కొత్తది అమ్మే షాపువాడే పాతదానికి డబ్బు తగ్గించి తీసుకుంటాడు. పాత సామాన్లవాళ్ళకి మాత్రం ఇవ్వనివ్వకు. కొందరు యాసిడ్ కాలవలో పారబోసి, సీసం పెరట్లోనే కరిగిస్తారు, ఆ పొగా దుమ్మూ పోయేది అక్కడ ఆడుకునే పిల్లల ఒంట్లోకే.

ఇక మా కాలనీ సంగతి. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలీదు. మా సెక్రటరీగారు చాలా మంచి మనిషి, నీలాగే ఉత్సాహం. కమ్యూనిటీ హాలు మెట్ల కింద ఇనప డ్రమ్ము పెట్టించి బ్యాటరీలన్నీ అందులో వెయ్యమన్నారు. జనం వేశారు, బాగానే వేశారు. గోడ గడియారం సెల్స్, పిల్లల బొమ్మలవి, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీలు, అన్నీ కలిపే. తర్వాత ఎవరో సగం మిగిలిన ఎనామిల్ (తలుపులకి వేసే ఆయిల్ రంగు) డబ్బా, థిన్నర్ సీసా తెచ్చి పక్కన పెట్టారు, ఒకరు పెడితే పదిమంది పెట్టారు. డ్రమ్ము నిండాక తీసుకెళ్ళేది ఎవరు? ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు. వానాకాలం జల్లు కొట్టి అడుగు తుప్పు పట్టింది, సెల్స్ లోంచి తెల్లటి పొడి, జిగురు కారాయి. వేసవిలో హాలుకి రంగులేయిస్తూ ఇద్దరు కుర్రాళ్ళ చేత అదంతా గోనెసంచిలోకి ఒంపించి మెట్ల మీద నుంచి ఈడ్పించారు. సంచిలో ఏ ఫోన్ బ్యాటరీ నలిగిందో, సర్రుమని పొగ, వెంటనే మంట. పక్కనే థిన్నర్. ఆ రోజు పని కోసం తోలించిన ఇసక కుప్ప గుమ్మంలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. ఒక కుర్రాడికి అరచెయ్యి కాలింది. అంతా అయ్యాక మిగిలినదాన్ని మున్సిపాలిటీ ట్రాక్టరు మామూలు చెత్తతో కలిపి ఎత్తుకుపోయింది! అంత పోగుచేసి చివరికి డంపింగ్ యార్డుకే.

అందుకే అంటున్నా, ముందు తీసుకెళ్ళేవాణ్ణి వెతుక్కో, డబ్బా తర్వాత పెట్టు. 2022 బ్యాటరీ నిబంధనల ప్రకారం వాడేసినవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. నమోదైన రీసైక్లర్ల పేర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఉంటాయి. ఫోన్ చేసి, తేదీ రాయించుకో. రంగులూ బ్యాటరీలూ ఒకే గదిలో వద్దు. స్కూటర్లు ఛార్జింగ్ పెట్టే చోట అసలే వద్దు. పక్కన పొడి ఇసక బకెట్ ఉండాల్సిందే.

మీ వాచ్‌మన్ కుటుంబం ఆ సెల్లార్‌లోనే ఉంటోంది కదా, పాకే పిల్ల ఉందన్నావు. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడుతుందిరా. వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికే. ఆ బటన్ సెల్స్ డబ్బా నీ ఇంట్లో, అటక మీద పెట్టు.

మీ నాన్నా నేనూ చిన్నప్పుడు అయిపోయిన టార్చిలైటు సెల్స్ పిట్టగోడ మీద ఎండబెట్టేవాళ్ళం, ఇంకో రెండు రోజులు వెలుగుతుందని. తర్వాత రాయితో పగలగొట్టి లోపలి నల్ల కడ్డీతో వీధిలో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసేవాళ్ళం. ఆ రోజుల్లో సెల్స్‌లో పాదరసం కూడా కలిపేవాళ్ళు. అదే చేత్తో జంతికలు తిన్నాడు మీ నాన్న, అందుకేనేమో అలా ఉన్నాడు.

రంగుల విషయంలో నా మాట విను, పంపడం కన్నా వాడేయడం మేలు. ఎమల్షన్లు, అంటే నీళ్ళు కలిపి వేసే గోడ రంగులు, మిగిలితే పాత పంచెలో వడకట్టి ఒకదాంట్లో ఒకటి కలిపెయ్యి, బూడిదరంగు వస్తుంది, కాంపౌండ్ గోడకి మొదటి కోటింగ్‌కి దివ్యంగా పనికొస్తుంది. ఎనామిల్ మాత్రం అందులో కలపకు, విరిగిపోతుంది. అడుగున మిగిలిన ఎమల్షన్‌లో ఇసకో రంపపుపొట్టో పోసి మూత తీసి గాలికి గట్టిపడనీ. బ్రష్షులు కడిగిన థిన్నర్ తేరనిస్తే పైనది మళ్ళీ వాడుకోవచ్చు. డ్రైనేజీలో పోశారో, మీ మురుగునీటి ప్లాంటులో పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి, కంపు భరించేది మీరే. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు డబ్బాలు, ముఖ్యంగా పసుపూ ఎరుపూ ఎనామిళ్ళు, పిల్లల ఊయలకి వేస్తానంటే ఒప్పుకోకు, విడిగా పెట్టు.

రీసైక్లర్ ఎవరో తేలగానే నంబరు పంపించు. "సార్, ప్లీజ్" అంటూ నువ్వు మాట్లాడితే నెల తర్వాత వస్తానంటాడు, నేను మాట్లాడతా.

మీ అత్తయ్య